కెనూ అంచు చెక్క కుళ్ళిందా? మొత్తం పీకేయకండి, కొసలు మార్చండి

అమెరికా, కెనడాల్లో ఉండే మనవాళ్ళు వేసవి మొదలవగానే గరాజ్ సేల్‌లోనో క్రెయిగ్స్‌లిస్ట్‌లోనో చవగ్గా ఒక పాత కెనూ కొంటారు. తెచ్చి పెరట్లో దించాక చూస్తే పడవ ఒళ్ళు బాగానే ఉంటుంది. అంచుల వెంట చెక్క నల్లబడి, కొసల దగ్గర పొడిపొడిగా రాలుతుంటుంది. సీటు పేము తెగి వేలాడుతుంటుంది. ఫొటోలు పంపి అందరూ అడిగే మాట ఒకటే: "ఈ చెక్కంతా మార్చాలా?"

చాలాసార్లు అక్కర్లేదు. పదహారు అడుగుల అంచుబద్దలో నిజంగా చివికేది రెండు కొసల్లోనూ అడుగో అడుగున్నరో. తలకిందులుగా బోర్లించిన పడవలో అన్నిటికన్నా కిందికి ఉండేవి కొసలే. కారిన నీరంతా అక్కడికి చేరి, కొసను కప్పే చెక్క పలక సందులో నిలిచిపోతుంది. పైగా బద్ద చివర కోసిన ముఖం నీటిని దీపం వత్తిలా పీల్చుకుంటుంది. ఆ ముక్క వరకు కోసేసి కొత్తది అతికితే పని అయిపోతుంది.

ఇక్కడ చెప్పేది రాయలెక్స్ (పొరలు పొరలుగా చేసిన ప్లాస్టిక్ షీటు) లేదా ఫైబర్‌గ్లాస్ ఒంటికి చెక్క అంచులు బిగించిన కెనూల గురించి. మ్యాడ్ రివర్, ఓల్డ్ టౌన్ కంపెనీల పాత పడవల్లో ఈ కోవలోవి ఉన్నాయి. రాయలెక్స్ షీటు తయారీ 2014 నాటికే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాతవే, బాగుచేసుకోదగ్గవే. లోపల సెడార్ పక్కటెముకలు, పైన కాన్వాస్ గుడ్డ ఉన్న పూర్తి చెక్క కెనూ అయితే ఇక్కడే ఆగండి. దాంట్లో లోపలి అంచుబద్ద పక్కటెముకలతో కలిపి మేకులు కొట్టి ఉంటుంది, గుడ్డ నింపుడులోనూ పాత రంగులోనూ సీసం ఉండొచ్చు. అది వేరే పని. 1979 నుంచి నడుస్తున్న వుడెన్ కెనూ హెరిటేజ్ అసోసియేషన్ వాళ్ళను అడగడం మేలు.

పేర్లు ఒక్కసారి చూసుకుందాం. ఒంటి పైఅంచుకు లోపల ఒకటి, బయట ఒకటి బిగించి ఉండేవి అంచుబద్దలు, ఇక్కడివాళ్ళు గన్నెల్ అంటారు. రెండు పక్కలనూ కలుపుతూ అడ్డంగా ఉండేవి అడ్డకర్రలు. మధ్యలో భుజాల మీద మోయడానికి మెడ ఒంపుతో ఉండేది కాడి. కొసల్లో మూతలా ఉండే మూడుమూలల చెక్క కొస పలక.

కావాల్సినవి

- తెల్ల యాష్ చెక్క. ముడులు లేకుండా, నార తిన్నగా బద్ద పొడవునా సాగాలి. కొలత పాత బద్దను చూసి తీసుకోండి. ముప్పావు అంగుళం మందం మామూలు.
- పదునైన చిత్రిక, రంపం, ఉలి, డ్రిల్.
- క్లాంపులు. ఎన్ని ఉన్నా చాలవు. పక్కింటాయన దగ్గరివి కూడా అడగండి.
- ఎపాక్సీ (రెండు భాగాలు పాళ్ళ ప్రకారం కలిపి వాడే జిగురు), దాన్ని చిక్కబరచడానికి సన్నటి చెక్కపొడి.
- స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు, బోల్టులు. పాతవాటి కొలతలోనే.
- ఉప్పుకాగితం 80, 120, 180 నంబర్లు.
- ఆగ్జాలిక్ ఆమ్లం పొడి, చెక్కకు వాడే మెరైన్ ఆయిల్ లేదా బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్.
- చేతి తొడుగులు, దుమ్ము మాస్కు, కళ్ళద్దాలు. ఎపాక్సీ పదేపదే ఒంటికి తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

చెక్క కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో ముందుగా కళ్ళబడేది రెడ్ ఓక్. చూడ్డానికి యాష్‌లాగే ఉంటుంది కానీ దాని రంధ్రాలు గొట్టాల్లా తెరుచుకుని ఉంటాయి, నీరు లోపలిదాకా పోతుంది. అనుమానం వస్తే కోసిన చివర ముఖాన్ని దగ్గరగా చూడండి. వలయాలకు అడ్డంగా సాగే గీతలు కంటికి స్పష్టంగా కనిపిస్తే అది ఓక్, యాష్ కాదు. 2002లో డెట్రాయిట్ పరిసరాల్లో బయటపడిన యాష్ తొలుచు పురుగు అప్పటినుంచి ఊళ్ళకు ఊళ్ళ చెట్లను చంపుతూ వస్తోంది. అందుకని మీ దగ్గర యాష్ దొరక్కపోతే చెర్రీ మంచిదే. వైట్ ఓక్ కుళ్ళును బాగా తట్టుకుంటుంది కానీ బరువెక్కువ. మనవాళ్ళకు మంచి చెక్క అంటే టేకే. కుళ్ళదు, నిజమే. కానీ దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అతికే ముందు ఎసిటోన్‌తో తుడవాలి. ఆ ధర పెట్టి ఈ పనికి వాడటం నాకైతే దండగ అనిపిస్తుంది.

1. ఎంత చెడిందో చూడండి

నల్లగా ఉన్నదంతా కుళ్ళు కాదు. తడిసిన చెక్క మీద బూజు పట్టినా, ఇనుప స్క్రూ తుప్పు దిగినా నలుపే వస్తుంది. కంటితో తేల్చకండి. దబ్బనం లేదా సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని కొసల నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం గుచ్చుతూ రండి. మొన దిగక చెక్క నెట్టేస్తుంటే అది మంచి చెక్క. మొన కొద్దిగా గుచ్చి పైకి పెళ్ళగించినప్పుడు పొడవాటి పేడు లేస్తే బలం ఉన్నట్టే. చప్పుడు లేకుండా పొట్టి ముక్కలుగా విరిగి పొడైతే కుళ్ళింది.

ముఖ్యంగా చూడాల్సినవి: కొస పలకల కింద, సీటు బోల్టుల చుట్టూ, అడ్డకర్రల చివర్లు, పడవను కారుకు కట్టే తాడు ఒరిసే చోటు. కుళ్ళు ఆగిన చోట సుద్దముక్కతో గీత గీయండి. దాని మీద ఇంకో మూడు నాలుగు అంగుళాలు మంచి చెక్కలోకి వెళ్ళి రెండో గీత గీయండి. కోత పడాల్సింది రెండో గీత దగ్గర.

2. విప్పే ముందు కొలవండి

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పడవ ఆకారాన్ని నిలబెట్టేవి అంచుబద్దలూ అడ్డకర్రలే. అన్నీ ఒకేసారి విప్పేస్తే ఒళ్ళు మెత్తగా పక్కలకు జారుతుంది, మళ్ళీ బిగించాక వెడల్పు మారిపోతుంది. వెడల్పు మారిన పడవ నీటి మీద నడిచే తీరూ మారుతుంది.

ప్రతి అడ్డకర్ర దగ్గరా, సీట్ల దగ్గరా అంచు నుంచి అంచుకు వెడల్పు కొలిచి రాసుకోండి. కొస నుంచి ఏ భాగం ఎంత దూరంలో ఉందో రాసుకోండి. విప్పే ప్రతి ముక్క మీదా టేపు అంటించి "ఎడమ, ముందు, లోపల" అని గుర్తు పెట్టండి. అడ్డకర్రలు తీయాల్సి వస్తే అదే పొడవు కర్రముక్కలు అడ్డంగా పెట్టి తాడుతో కట్టండి. ఒక పక్క పూర్తిగా ముగిసేదాకా రెండో పక్క ముట్టుకోకండి.

3. విప్పడం

పాత ఇత్తడి స్క్రూలు తల తెగి వస్తాయి, బలవంతం చేయకండి. స్క్రూ గాడిలో మురికి సూదితో తీసి, సరిగ్గా పట్టే బిట్ పెట్టి, ముందు కాస్త బిగించే వైపు తిప్పి తర్వాత విప్పే వైపు తిప్పండి. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద నిమిషం ఆనించండి, వేడికి పట్టు వదులుతుంది. రాయలెక్స్ ఒంటికి ఆ వేడి తగలనివ్వొద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. హీట్ గన్ జోలికి అసలు వెళ్ళకండి. చెడిపోయిన బద్దనైనా ముక్కలు చేయకుండా దించండి. కొత్తదానికి అదే అచ్చు.

4. కొత్త ముక్కకు ఒంపు

కొసల దగ్గర అంచు పైకి లేస్తుంది, లోపలికీ తిరుగుతుంది. ఎండు యాష్‌ను చేత్తో అంత వంచితే పగులుతుంది. ఆవిరి పట్టాలి. అంగుళం మందానికి గంట చొప్పున లెక్క, ముప్పావు అంగుళానికి ముప్పావు గంట. పొడవాటి మందపు పాలిథీన్ గొట్టంలోనో చెక్కపెట్టెలోనో ముక్కను ఉంచి, నీళ్ళు మరిగే కెటిల్ నుంచి ఆవిరి పంపండి. రెండో చివర ఆవిరి పోయే దారి వదలండి, మూసేస్తే పేలుతుంది. బయటికి తీశాక పది పదిహేను సెకన్లలో వంపు పడాలి. అందుకని క్లాంపులు ముందే తెరిచి వరసగా పెట్టుకోండి. మందపాటి తొడుగులు తప్పనిసరి.

పాత బద్ద ఒంపుకన్నా కాస్త ఎక్కువే వంచండి, వదిలాక కొంత వెనక్కి వస్తుంది. ముక్కను కావలసినదానికన్నా అడుగు పొడవు ఎక్కువ ఉంచితే చేతికి పట్టు దొరుకుతుంది. అలాగే బిగించి నాలుగైదు రోజులు ఆరనివ్వండి.

ఆవిరి పని అతుకు వేయకముందే ముగించాలి. ముందు అతికి తర్వాత ఆవిరి పెడితే ఎపాక్సీ మెత్తబడి అతుకు విడిపోతుంది.

కొట్టులో బట్టీలో ఆరబెట్టిన చెక్క మాత్రమే దొరికితే అది వంగడానికి మొరాయిస్తుంది. అప్పుడు పావు అంగుళం మందం బద్దలు మూడు కోసి, ఎపాక్సీ రాసి, ఒకదానిమీద ఒకటి పెట్టి వంపులోనే బిగించండి. ఆవిరి అక్కర్లేదు. పని ఎక్కువ, కానీ వెనక్కి తిరిగే బెడద దాదాపు ఉండదు.

5. ఏటవాలు అతుకు

బద్దలను చివరకు చివర ఆనించి అతికితే నిలవదు. వాలుగా కోసి, వాలు మీద వాలు పెట్టి అతకాలి. మందం ఒక వంతైతే వాలు పొడవు కనీసం ఎనిమిది వంతులు. ముప్పావు అంగుళం బద్దకు 6 అంగుళాలు. ఒంపు ఎక్కువున్న చోటైతే పన్నెండు వంతులు, అంటే 9 అంగుళాలు పెట్టండి.

రెండు వాలులూ ఒకేలా రావడానికి వడ్రంగుల పద్ధతి ఒకటుంది. పాత బద్ద చివరా కొత్త ముక్క చివరా ఒకే వైపు ఉండేలా ఒకదానిమీద ఒకటి పెట్టి, పైదాన్ని 6 అంగుళాలు వెనక్కి జరిపి బల్లకు బిగించండి. మెట్టులా కనిపిస్తుంది. ఆ మెట్టంతా ఒకే వాలు అయ్యేదాకా రెంటినీ కలిపి చిత్రిక పట్టండి. తర్వాత పైదాన్ని తిరగేస్తే కింది వాలు మీద అచ్చంగా కూర్చుంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే ఇంకో రెండు చిత్రికలు.

బయటి బద్దలో, బయటికి కనిపించే అతుకు సన్నటి అంచు పడవ వెనకవైపుకు తిరిగి ఉండేలా వాలు దిశ చూసుకోండి. ముందుకు తిరిగి ఉంటే రాయో కొమ్మో తగిలి పేడు లేస్తుంది. లోపలి బద్ద అతుకూ బయటి బద్ద అతుకూ ఒకే చోట పడకూడదు, కనీసం అడుగు ఎడం ఉంచండి.

అతికే ముందు పాత చెక్క వాలును ఎసిటోన్‌తో తుడవండి. ఏళ్ళ తరబడి తాగిన నూనె అందులో ఉంటుంది. ముందు పల్చటి ఎపాక్సీ రెండు ముఖాలకూ రాసి ఐదు నిమిషాలు వదిలేయండి. చెక్క పీల్చుకున్న చోట పొడిగా కనిపిస్తే మళ్ళీ రాయండి. తర్వాత చెక్కపొడి కలిపి తేనెకన్నా చిక్కగా చేసిన ఎపాక్సీ ఒక ముఖానికి రాసి జత చేయండి. జారిపోకుండా అతుకు బయట రెండు చివర్లా చిన్న అడ్డుముక్కలు పెట్టండి. కింద మైనపు కాగితం వేయకపోతే బద్ద బల్లకు అతుక్కుపోతుంది.

క్లాంపు గట్టిగా బిగించాలన్న ఉబలాటం ఆపుకోండి. వడ్రంగి జిగురుకు ఒత్తిడి కావాలి, ఎపాక్సీకి అక్కర్లేదు. ఎక్కువ బిగిస్తే జిగురంతా బయటికి కారి లోపల ఎండుచెక్క మిగులుతుంది. అతుకు పొడవునా సన్నటి గీతలా జిగురు బయటికొస్తే చాలు.

గరాజ్‌లో 15 డిగ్రీల సెల్సియస్ కన్నా చలిగా ఉంటే ఆ రోజు ఈ పని పెట్టుకోకండి. ఒక రోజంతా కదపకండి. ఆరాక పైన మైనంలాంటి జిడ్డు పొర తేలితే ముందు నీళ్ళతో రుద్ది కడిగి, ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టండి.

సరిచూడటం: అసలు బద్దతో పాటే, అదే ఎపాక్సీతో రెండు తుక్కు ముక్కలకు ఇలాంటి అతుకే వేసి పెట్టుకోండి. మర్నాడు దాన్ని మోకాలికి ఆనించి విరవండి. చెక్క చీలి విరిగితే మీ అతుకు మంచిది. జిగురు గీత వెంట నున్నగా విడిపోతే కలిపిన పాళ్ళు తప్పాయి, లేదా చెక్క నూనెతో ఉంది. పడవకు బిగించకముందే తెలియడం నయం.

6. మరకలు

గట్టిగానే ఉండి నల్లబడ్డ చెక్కకు 80, 120 కాగితాలు పట్టి, గోరువెచ్చని నీళ్ళలో కరిగినంత ఆగ్జాలిక్ ఆమ్లం కలిపి కుంచెతో రాయండి. ఇనుప మరకలు కళ్ళెదుటే తేలిపోతాయి. అరగంటయ్యాక రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఈ ఆమ్లం విషం, పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి. సరిగా కడగకుండా ఆరబెట్టి గీకితే ఆ పొడి ముక్కులోకి పోతుంది.

7. బిగించే ముందు నూనె, తర్వాత బిగింపు

బద్ద ఒంటికి ఆనే ముఖానికీ, స్క్రూ రంధ్రాల లోపలికీ, మరీ ముఖ్యంగా కోసిన చివరలకూ బిగించకముందే నూనె పట్టించండి. బిగించాక అక్కడికి కుంచె చేరదు, కుళ్ళు మాత్రం చేరుతుంది. చివరి ముఖాలకు నూనెకు బదులు పల్చటి ఎపాక్సీ రెండు పూతలు ఇంకా మేలు.

మధ్య నుంచి మొదలుపెట్టి కొసల వైపు అడుగుకో క్లాంపు వేసుకుంటూ వెళ్ళండి. కొత్త చెక్కలో స్క్రూకు ముందే రంధ్రం చేయండి, లేకపోతే యాష్ నిలువునా చీలుతుంది. స్క్రూకు కొవ్వొత్తి రుద్దితే సులువుగా దిగుతుంది. ఇత్తడివే వాడాలని పట్టుబట్టేవాళ్ళు అదే కొలత స్టీలు స్క్రూను ఒకసారి దింపి తీసి, తర్వాత ఇత్తడిది వేయండి. తల సమంగా కూర్చోగానే ఆపండి.

బద్దకూ ఒంటికీ మధ్య సిలికాన్ నింపమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. నీరు లోపలికి ఎలాగూ పోతుంది, బయటికి వచ్చే దారి మూసుకుంటుంది. కొస పలక మొన దగ్గర కూడా సన్నటి సందు వదలండి. మొదట కుళ్ళినది అది లేకే.

8. అడ్డకర్రలు, కాడి, సీట్లు

అడ్డకర్ర చివర బోల్టు రంధ్రం నుంచి పగులు సాగి ఉంటే అతకకండి, కొత్తది చేయండి. చిన్న ముక్కే కదా. పొడవు మాత్రం పాత కర్రను చూసి కాదు, రెండో మెట్టులో రాసుకున్న వెడల్పును చూసి కోయండి. చివర పొట్టిగా కోసి, బోల్టు బిగించి పడవను లోపలికి లాక్కోవడం పెద్ద పొరపాటు. కాడిని పడవ భుజానికెత్తినప్పుడు వెనకవైపు కొద్దిగా మొగ్గేలా అమర్చండి. ముందు కొస పైకి లేచి దారి కనిపిస్తుంది.

సీటు చట్రం చుట్టూ గాడి ఉంటే అల్లిన పేము షీటు తెచ్చి, గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, గాడిలోకి దించి, పైన సన్నటి బద్ద దిగ్గొట్టి బిగించాలి. చట్రం చుట్టూ వరసగా రంధ్రాలుంటే ఒక్కో పేము తీగా చేత్తో అల్లాలి. ఓపిక లేకపోతే నైలాన్ పట్టీలు అల్లేయండి. అందం తక్కువ, ఆయుష్షు ఎక్కువ. సీటును వేలాడదీసే బోల్టుల మధ్య చెక్క గుబ్బలు పాత పొడవులోనే ఉంచండి. సీటు ఎత్తు పెరిగిన కొద్దీ పడవ ఊగుతుంది.

9. నూనె పూత

అంచుబద్దలకు వార్నిష్ కన్నా నూనే నయం. తెడ్డు ఒరిసి వార్నిష్ ఎక్కడో ఒకచోట లేస్తుంది, నీరు ఆ కింద చేరి చెక్కను నల్లబరుస్తుంది, మళ్ళీ మొత్తం గీకాలి. నూనెయితే గీత పడిన చోట గుడ్డతో రాస్తే సరి. సీట్లకు, పేముకు మాత్రం స్పార్ వార్నిష్ (ఎండకూ నీటికీ ఆగే రకం) బాగుంటుంది.

180 కాగితంతో ముగించండి. అంతకన్నా నునుపు చేస్తే నూనె తక్కువ పీలుస్తుంది. మొదటి పూతలో సగం నూనె, సగం మినరల్ స్పిరిట్స్ (నూనెను పల్చన చేసే ద్రవం). తర్వాతి పూతలు ఉత్త నూనె. రాసి పావుగంట ఆగి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. తుడవకుండా వదిలితే ఎన్నాళ్ళైనా ఆరని జిగట పొర కడుతుంది. రోజుకొకటి చొప్పున మూడు నాలుగు పూతలు.

ఇంట్లో ఉన్న కొబ్బరినూనో నువ్వులనూనో రాయొచ్చా అని అడుగుతుంటారు. రాయకండి. అవి గాలికి గట్టిపడవు, జిడ్డుగా ఉండిపోయి ముక్కవాసన వస్తాయి. ఆముదమూ అంతే. అవిసె నూనె, అంటే లిన్‌సీడ్ ఆయిల్, గట్టిపడే రకం. బాయిల్డ్ అని రాసి ఉన్నదే కొనండి, పచ్చిది ఆరడానికి వారాలు పడుతుంది, బూజూ పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక: అవిసె నూనె గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే నిప్పు లేకుండానే అంటుకుంటాయి. ఆరేటప్పుడు పుట్టే వేడి ఆ ముద్దలో చిక్కి మంటవుతుంది. ఒక్కో గుడ్డా విడివిడిగా పరిచి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి. ఇంటికి అతికి ఉన్న గరాజ్‌లో ఆ రాత్రికి వదిలేయడం అస్సలు వద్దు.

10. చివరి పరీక్షలు

పడవ వెనక నిలబడి ఒక కన్ను మూసి అంచు వెంట చూడండి. అంచు గీత విరుపు లేకుండా సాగాలి. అతుకు దగ్గర మొటిమలా లేచి ఉంటే ఇంకాస్త చిత్రిక పట్టండి. వెడల్పులు మళ్ళీ కొలవండి, పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదు. కాడి పట్టుకుని పడవను ఒక పక్కకు ఎత్తి ఊపండి. కిర్రుమంటే ఏదో బోల్టు వదులుగా ఉంది. పైన నీళ్ళు చల్లి చూడండి. గుండ్రంగా ముత్యాల్లా నిలవాలి, ఇంకిపోయి మచ్చ పడితే ఇంకో పూత. మొదటిసారి నీళ్ళలోకి దించేటప్పుడు ఒడ్డు దగ్గరే, మోకాలి లోతులో, లైఫ్ జాకెట్ వేసుకుని.

తర్వాత సంరక్షణ పెద్దగా ఏమీ లేదు. ఏడాదికి రెండుసార్లు నూనె. బోర్లించి, రెండు కర్రల మీద నేలకు తగలకుండా. టార్పాలిన్ కప్పితే పడవకు అంటుకోకుండా గాలి ఆడేలా.

చలి దేశంలో ఉన్న రాయలెక్స్ పడవవాళ్ళకు ఒకటి మిగిలింది. గడ్డకట్టే చలిలో రాయలెక్స్ చెక్కకన్నా ఎక్కువగా ముడుచుకుంటుంది. బద్దలు గట్టిగా బిగించి ఉంటే కదల్లేక స్క్రూల దగ్గర ఒళ్ళు పగులుతుంది. పడవను వేడిలేని షెడ్డులోనో బయటో ఉంచేట్టయితే మంచు మొదలవకముందే రెండు కొసల్లోనూ రెండేసి అడుగుల మేర అంచు స్క్రూలూ, కొస పలక స్క్రూలూ వదులు చేయండి. వసంతంలో పడవ తీసినప్పుడు మళ్ళీ బిగించండి.